తల ఊపినవాళ్ళు

సత్యారావు విశాఖపట్నంలో ట్రైనింగు ముగించుకుని పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగేటప్పటికి అతని భుజాన ఒక సంచీ, చేతిలో పురికొసతో కట్టిన అట్టపెట్టె ఉన్నాయి. సంచీలో చెల్లెలు గురువమ్మకి కొన్న చీర, ఆమె కూతురు అమ్మడుకి గాజులు. అట్టపెట్టెలో గ్యాసు మాస్కు. ఓడలో ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టెని ఎవరూ తొక్కకుండా తల దగ్గరే పెట్టుకున్నాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది సంగతి ఇది. రేవు దగ్గరి ఐసు ఫ్యాక్టరీలో సత్యారావు మెషీను డ్రైవరు. అతని తండ్రి భీమిలి వైపు నుంచి వలతో సహా వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డ తొలి జాలర్లలో ఒకడు. కొడుక్కి మాత్రం సముద్రం పడలేదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పేసి వాంతి చేసుకునేవాడు. ఈడువాళ్ళు నవ్వేవారు. ఐసు ఫ్యాక్టరీ పెట్టాక మెషీను పని నేర్చుకుని ఆ నవ్వులకి దూరంగా వచ్చేశాడు.

గురువమ్మ మొగుడు మల్లేశు అలా కాదు, మంచి వేటగాడు. కానీ తుఫాను గాలికి తండ్రి పడవ తిరిగిరాని రోజు గురువమ్మ మనసులోంచి పోలేదు. అమ్మడు పుట్టాక మొగుడి వెంట పడి, ఏడ్చి, అలిగి, అతన్ని ఒడ్డున పనిలో పెట్టమని అన్నని అడిగింది. సత్యారావు మేనేజరుతో చెప్పి ఐసు దిమ్మలు మోసే పనిలో పెట్టించాడు. ఇష్టం లేకపోయినా మల్లేశు చేరాడు. కొన్నాళ్ళకి అలవాటు పడ్డాడు. "నీళ్ళు గడ్డకట్టించి అమ్ముకుంటన్నాం బావా, సముద్రం నవ్వుకుంటాది" అనేవాడు.

నీళ్ళని గడ్డకట్టించేది అమ్మోనియా గ్యాసు. గొట్టాల్లో తిరుగుతున్నంతసేపు అది చెప్పినట్టు వింటుంది. బయటపడితే కళ్ళనీ గొంతునీ ఊపిరితిత్తులనీ కాల్చేస్తుంది. అందుకే తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒక మనిషికైనా ట్రైనింగు ఇప్పించాలని పట్టుబట్టాడు. మేనేజరు నెహెమ్యా సత్యారావుని పంపించాడు.

విశాఖలో నేర్పిన మాస్టారు నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కళ్ళకి గంతలు కట్టి మాస్కు తొడుక్కోమనేవాడు. గంతలతోనే నేలమీద పాక్కుంటూ వెళ్ళి వాల్వు వెతికి తిప్పి కట్టెయ్యమనేవాడు. తప్పితే తిట్టేవాడు కాదు, మళ్ళీ మొదటినుంచి చేయించేవాడు. చివరికి సత్యారావుకి మాస్కు తొడుక్కోవడం చొక్కా తొడుక్కున్నంత అలవాటైపోయింది.

వచ్చిన మర్నాడే నెహెమ్యా దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మనోళ్ళందరిచేతా ఇయన్నీ సేయించాల. మెషీను ఆపి వారానికో గంట ఇయ్యండి."

నెహెమ్యా చెడ్డవాడు కాదు. చర్చిలో సండే స్కూలు నడిపేవాడు, ఎవరినీ గట్టిగా కసిరి ఎరగడు. కానీ వానలు తగ్గాయి, పడవలన్నీ వేటకి వెళ్తున్నాయి, పొద్దున్నే గేటు ముందు ఐసు కోసం వరసలు కడుతున్నారు.

"ఇప్పుడు మెషీను ఆపితే ఈ జనం నన్ను సముద్రంలో పడేస్తారయ్యా" అన్నాడు. "మధ్యాహ్నం భోజనాల వేళ అందర్నీ కూచోబెట్టి చెప్పెయ్. సీజను అయ్యాక కావలసినంత సేపు చేయిద్దాం."

ఆ మధ్యాహ్నం పనివాళ్ళంతా క్యారియర్లు ముందు పెట్టుకుని ఐసు గది అరుగుమీద కూచున్నారు. గ్యాసు వాసన తగలగానే గాలికి ఎదురుగా పోవాలని, కళ్ళు నలుపుకోకుండా చాలాసేపు నీళ్ళతో కడగాలని, లోపల పెద్ద వాల్వు కడితే గ్యాసు ఆగిపోతుందని సత్యారావు చెప్పాడు. తర్వాత మాస్కు తీశాడు. ముఖానికి రబ్బరు తొడుగు, దానికి పొడుగాటి గొట్టం, గొట్టం చివర మందు నింపిన రేకు డబ్బా. బయటి గాలి డబ్బా అడుగునున్న కన్నంలోంచి లోపలికి పోయి, అక్కడ శుభ్రపడి, గొట్టంలోంచి ముక్కుకి చేరుతుంది.

అతను మాస్కు తొడుక్కోగానే అందరూ పగలబడి నవ్వారు.

"అరే, హాథీ ఆ గయా!" అన్నాడు సుక్రా. రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చి, తర్వాత ఫ్యాక్టరీలో కుదిరినవాడు. మల్లేశు తొండంలా వేలాడుతున్న గొట్టాన్ని పట్టుకుని ఊపాడు. సత్యారావూ నవ్వాడు.

చూపించడానికి వాడింది ట్రైనింగులో వాడేసిన పాత డబ్బా. "కొత్త డబ్బాకి అడుగున రబ్బరు బిరడా ఉంటాది. మందు సెమ్మగిల్లిపోకుండా పెడతారు. తొడుక్కునే ముందు అది పీకెయ్యాల" అన్నాడు. "మర్సిపోకండి. అర్థమైందా?"

అందరూ తల ఊపారు. మల్లేశు అందరికంటే ఎక్కువ ఊపాడు. బావ అంతమంది ముందు నిలబడి మాస్టారులా మాట్లాడటం అతనికి గర్వంగా ఉంది. ఎవరో బీడీ వెలిగించారు. లోపల కంప్రెసరు ఆగకుండా నడుస్తూనే ఉంది.

మాస్కుకి కొత్త డబ్బా బిగించి, నెహెమ్యా ఆఫీసు గదిలోని అద్దాల బీరువాలో పెట్టారు. ఉప్పుగాలికి రబ్బరు పాడవకుండా ఉంటుందని.

తర్వాత సత్యారావు రెండు మూడుసార్లు అడిగాడు. "ఒకసారి చెప్పావుగా, అందరూ విన్నారుగా" అన్నాడు నెహెమ్యా. అడిగి అడిగి సత్యారావు ఊరుకున్నాడు. మెషీను చూసుకోవడంతోనే అతనికి పొద్దు గడిచిపోయేది.

కంప్రెసరు బెల్టు తెగడానికి సిద్ధంగా ఉందని ఒకరోజు పొద్దున సత్యారావు గోల్ ఘర్‌లో బజారుకి కొత్త బెల్టు కొనడానికి వెళ్ళాడు. అతను లేనప్పుడు మెషీను దగ్గర సుక్రా ఉన్నాడు. గ్యాసు ట్యాంకు అడుగున పేరుకున్న నూనెని చిన్న కుళాయి తిప్పి దింపడం వారానికోసారి చేసే పని. సుక్రా తిప్పాడు. నూనె వచ్చింది, తర్వాత నురగ వచ్చింది, ఆ వెంటనే గ్యాసు తన్నుకొచ్చింది. కుళాయి తిరిగి బిగియలేదు. సుక్రా రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని అరుస్తూ బయటికి పరుగెత్తాడు.

గేటు దగ్గర ఐసు దిమ్మలు బండికెత్తుతున్న మల్లేశు అది చూశాడు. పారిపోయి ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ పెద్ద వాల్వు కడితే గ్యాసు ఆగుతుందని బావ చెప్పింది అతనికి గుర్తుంది. నేరుగా ఆఫీసు గదికి వెళ్ళి "మాస్కు ఇయ్యండి సార్" అన్నాడు. నెహెమ్యా బీరువా తాళం తీసి ఇచ్చాడు. తాళం దొరకకపోవడం, ఆలస్యం కావడం, అలాంటివేవీ జరగలేదు. మల్లేశు నడుస్తూనే తలకి తొడుక్కుని, పట్టీలు లాగి బిగించుకుని, లోపలికి వెళ్ళాడు.

బెల్టు భుజానికి తగిలించుకుని సత్యారావు బస్సు దిగేసరికి జనం గుడ్డలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రేవు వైపు పరుగెత్తుతున్నారు. గేటు పక్క నీళ్ళ కుళాయి దగ్గర సుక్రా కూలబడి కళ్ళు పిసుక్కుంటున్నాడు.

"నలపకు! నీళ్ళు కొట్టు!" అని అతని చేతులు లాగేసి, "మల్లేశు ఏడీ?" అని అడిగాడు.

"అందర్ గయా భయ్యా. మాస్క్ పహన్‌కే గయా."

ఆ మాట వినగానే సత్యారావుకి ప్రాణం కుదుటపడింది. మాస్కు వేసుకునే లోపలికి వెళ్ళాడు కదా. చెప్పింది వంటబట్టింది కదా. ఆ కాస్త సంతోషం అతన్ని తర్వాత ఎన్నో ఏళ్ళు కాల్చింది.

మల్లేశు ఎంతసేపటికీ బయటికి రాలేదు.

సత్యారావు తువ్వాలు తడిపి ముఖానికి చుట్టుకుని, గాలి వచ్చే వైపు వెనక తలుపులోంచి నేలకి ఆనుకుని పాకుతూ వెళ్ళాడు. ముందు పెద్ద వాల్వు కట్టాడు. మల్లేశు దానికి రెండు బారల దూరంలో పడి ఉన్నాడు. మాస్కు అతని ముఖాన లేదు, పట్టీలు తెగి చేతిలో ఉంది. చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చుకొచ్చాడు. ఎవరో జీపు తెచ్చారు.

జీపు వెళ్ళాక నేలమీద పడి ఉన్న మాస్కుని తీశాడు. డబ్బా తిరగేసి చూశాడు. అడుగున రబ్బరు బిరడా పెట్టింది పెట్టినట్టే ఉంది.

మల్లేశు వెంటనే పోలేదు. ఆస్పత్రిలో కళ్ళకి కట్లతో, ఊపిరి తీసినప్పుడల్లా ఎగసిపడే ఛాతీతో కొద్దిరోజులు ఉన్నాడు. గురువమ్మ మంచం పక్కనుంచి లేవలేదు. ఒక మధ్యాహ్నం ఆమె నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు అతను సత్యారావు చెయ్యి తడిమి పట్టుకున్నాడు.

"బావా... ఆ మాస్కు పాడైపోనాది. గాలే రానేదు. ఎంత పీల్సినా రానేదు. సచ్చిపోతానేమోనని లాగీసినాను." కాసేపు ఆగి ఊపిరి కూడదీసుకున్నాడు. "కొత్తది తెప్పించు. ఆ సుక్రాగాడు ఏసుకుంటే ఆడూ పోతాడు."

 నిజం చెప్పడానికి ఇది సమయం కాదు, ఇక సమయం ఉండబోదని కూడా సత్యారావుకి తెలుసు.

"తెప్పిస్తాను మల్లేశూ" అన్నాడు. "రేపే రాయిస్తాను."

మల్లేశు తల ఊపాడు. మర్నాడు సాయంత్రం పోయాడు.

విచారణకి వచ్చిన ఆఫీసరు అందర్నీ అడిగాడు. ట్రైనింగు ఇచ్చారా? ఇచ్చారు. మాస్కు ఉందా? ఉంది. అందుబాటులో ఉందా? ఉంది. బిరడా సంగతి చెప్పారా? చెప్పారు. కార్మికుడు కంగారుపడి, నేర్పినది పాటించలేదని రాసుకుని అతను వెళ్ళిపోయాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ రాత్రి నెహెమ్యా అన్నం తినలేదని అతని భార్య తర్వాత చర్చిలో ఎవరితోనో చెప్పింది.

పెద్దకార్యం అయిన మర్నాడు గురువమ్మ అన్నని ఎదురుగా కూచోబెట్టుకుంది. షాదీపూర్‌లో వాళ్ళ ఇంటి రేకుల కింద ఇంకా ఊదొత్తుల వాసన పోలేదు. అమ్మడు పక్కింట్లో ఉంది.

"ఆఫీసరు ఏటి రాసుకున్నాడు?"

సత్యారావు చెప్పాడు. బిరడా సంగతి కూడా దాచలేదు. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. బిరడా ఎంత ఉంటుందని అడిగింది. అతను బొటనవేలు చూపించాడు.

"అది పీకాలని నువ్వు సెప్పినావా?"

"సెప్పినాను."

"ఆడేటన్నాడు?"

"తలూపినాడు."

గురువమ్మ కళ్ళలో నీళ్ళు రాలేదు. "ఆడు అన్నిటికీ తలూపుతాడు అన్నియ్యా. నీకు తెల్దా? ఉప్పు తెమ్మంటే తలూపీసి ఉత్త సేతుల్తో వొచ్చీవోడు. మంచోడు కదా, కాదనలేడు. ఆడి సేతికి అలవాటు సెయ్యాల గానీ ఆడి తలకాయని నమ్ముకుంటారేటి?"

సత్యారావు తల వంచుకున్నాడు. తను విశాఖలో ఎలా నేర్చుకున్నాడో, ఇక్కడ ఎలా నేర్పాడో ఆమెకెవరూ చెప్పలేదు. అయినా ఆమె మాట సూటిగా అక్కడికే వచ్చి తగిలింది.

"సముద్రం నుంచి నానే లాక్కొచ్చినాను ఆడిని" అంది ఆమె, ఈసారి తనలో తను. "ఒడ్డునుంటే బతికుంటాడని."

ఒక ఆదివారం చర్చి అయ్యాక నెహెమ్యా వాళ్ళింటికి వచ్చాడు. గడప బయటే నిలబడి, ఇష్టమైతే మల్లేశు ఉద్యోగం ఆమెకి ఇస్తానన్నాడు. ఐసుని పొడి చేసే మెషీను దగ్గర, బరువులు ఎత్తక్కర్లేని పని. పక్కింటివాళ్ళు వద్దన్నారు. మొగుణ్ణి మింగిన చోటికి ఎలా వెళ్తావన్నారు. 

"వొస్తాను" అంది గురువమ్మ. "కానీ నాకు కూకోబెట్టి సెప్పకండి బాబూ. నాసేత సేయించండి. నాకే కాదు, అందరిసేతా."

 "శనివారం" అన్నాడు నెహెమ్యా. "ప్రతి శనివారం మెషీను ఆపుతాను."

మాట నిలబెట్టుకోవడం అతనికి తేలిక కాలేదు. కలకత్తా నుంచి వచ్చిన ఫ్యాక్టరీ యజమాని సేఠ్, గంటసేపు మెషీను ఎందుకు ఆగుతోందని కేకలేశాడు. ఎప్పుడూ ఎదురుచెప్పని నెహెమ్యా, ఈ గంట తీసెయ్యాలంటే తనని కూడా తీసెయ్యమన్నాడు. సేఠ్ గొణుక్కుంటూ ఓడెక్కాడు.

జాలర్లు కూడా మొదట ఊరుకోలేదు. పడవ సిద్ధం చేసుకుని ఐసు కోసం వచ్చిన నూకన్న గేటు ఊపుతూ అరిచాడు. "పోటు తగ్గిపోతాంది! ఈ కోతి ఆటలేటి మాకు? ఐసు కొట్టండి ముందు!"

గురువమ్మ గేటు దగ్గరికి వచ్చింది. "ఓ గంట ఆగు మావా. ఆ రోజు ఎవులూ ఆగనేదు."

నూకన్న ఆమె ముఖంలోకి చూసి, గేటు వదిలేసి, ఖాళీ పెట్టెమీద కూచున్నాడు. ఆ తర్వాత శనివారాల్లో ఎవరూ గేటు ఊపలేదు.

సత్యారావుకి అన్నిటికంటే కష్టమైంది నోరు మూసుకుని ఉండటం. ఎవరైనా తడబడితే మాట సాయం చెయ్యాలని నాలిక పీకేది. విశాఖ మాస్టారిని తలుచుకుని ఆగిపోయేవాడు. మొదటి శనివారం సుక్రా, విశాఖ నుంచి తెప్పించిన కొత్త మాస్కు పట్టీలు తలకిందులుగా వేసుకున్నాడు. ఇంకొకడు బిరడా పీకి, ఆ బిరడాని ఏం చెయ్యాలో తెలియక దాన్ని పట్టుకునే గొట్టం బిగించబోయి రెండూ జారవిడిచాడు. ఎంత బాగా విన్నా చేతులకి ఏమీ తెలియదని సత్యారావు కళ్ళారా చూశాడు. ఆ రోజు మల్లేశు తన తెలివితక్కువతనం వల్ల పోలేదు, ఇంతమందిలో ఎవరు వెళ్ళినా అలాగే పోయేవాళ్ళు. ఆ సంగతి అతనికి ఓదార్పు ఇవ్వలేదు.

కళ్ళు కట్టుకుంటే అందరూ దారి తప్పుతున్నారని తెలిశాక, తలుపు నుంచి పెద్ద వాల్వు దాకా గోడవెంట మోకాలెత్తున పడవ తాడు కట్టాడు. చెయ్యి తాడుమీద వేసి వెళ్తే చాలు. ఏ పని చేస్తున్నారో దాన్ని ఎవరి భాషలో వాళ్ళు పైకి చెప్పుకుంటూ చెయ్యమన్నాడు. సుక్రా తన ఊరి మాటలో పాటలా చెప్పుకునేవాడు. నెహెమ్యా కూడా ఇస్త్రీ చొక్కాతోనే మోకాళ్ళమీద పాకాడు. అతన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

గురువమ్మ అన్నీ చేసేది. గాలి ఎటుందో కొంగు ఎత్తి చూసేది, కళ్ళు కట్టుకుని తాడు పట్టుకుని వెళ్ళేది, వాల్వు చక్రం బిగించేది. మాస్కు మాత్రం ముట్టుకునేది కాదు. తన వంతు రాగానే "ఇప్పుడు కాదన్నియ్యా" అనేది. సత్యారావు బలవంతం చెయ్యలేదు. ఆమె వంతు వచ్చినప్పుడల్లా తనే కళ్ళు పక్కకి తిప్పుకునేవాడు.

వానలు మళ్ళీ మొదలైన ఒక శనివారం, అందరూ చేసి వెళ్ళాక, ఆమె అన్న దగ్గరికి వచ్చింది.

"కొత్త డబ్బా పెట్టు."

అతను కొత్త డబ్బా తీసి బిగించాడు. బిరడా పీకబోతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"పీకకు. అలగే ఇయ్యి."

"పిచ్చా నీకు?"

"ఆడికెలగుండిందో నాకు తెలియాల అన్నియ్యా."

అతను ఇవ్వనన్నాడు. ఆమె లాక్కుని ముఖానికి పెట్టుకుంది, పట్టీలు బిగించింది. ఊపిరి పీల్చింది. రబ్బరు బుగ్గలకి అతుక్కుపోయింది. ఇంకోసారి పీల్చింది. అద్దాల వెనక ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చేతులు వాటంతటవే లేచి పట్టీలు పట్టుకున్నాయి. సత్యారావు ముందుకి దూకేలోపు ఆమె మాస్కు లాగి పడేసి, తడి నేలమీద చతికిలబడి, నోరు తెరుచుకుని గాలి మింగింది.

కాసేపటికి అంది, "దారి నేదు. లాగీకుండా ఉండడానికి దారే నేదు."

"నేదు" అన్నాడు సత్యారావు.

"మరి ఆడు కంగారు పడ్డాడని రాసినారేటి?"

సత్యారావు ఆమె పక్కన కూచున్నాడు. రేకులమీద వాన పడుతూనే ఉంది. కొంతసేపటికి గురువమ్మ మాస్కు దగ్గరికి లాక్కుంది. బిరడా పట్టుకుని పీకింది. అది గట్టిగా ఉంది, గోరు పెట్టి లాగాల్సి వచ్చింది. తొడుక్కుని, తాడు పట్టుకుని, వాల్వు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం తన వంతు తను చేసింది.

ఏడాది పైన గడిచాక, అమ్మడుని బళ్ళో వేసిన రోజుల్లో, ఒక పొద్దున గొట్టం అతుకు దగ్గర చీలి గ్యాసు బయటికి చిమ్మింది. సత్యారావు అప్పుడు డాబామీద నీళ్ళ గొట్టాలు చూస్తున్నాడు. కింద నుంచి సుక్రా కేక వినిపించింది. "హవా ఇధర్ సే ఆ రహీ హై! ఇధర్ ఆవో, సబ్ ఇధర్!" జనం అతని వెంట గాలికి ఎదురుగా వెళ్ళడం పైనుంచి కనిపించింది. నిచ్చెన దిగుతూ రెండు మెట్లు తప్పి మోకాలు కొట్టుకున్నాడు. కిందికి చేరి తలుపు దగ్గరికి కుంటుతూ వెళ్ళేసరికి, తలుపులోంచి మాస్కు వేసుకున్న మనిషి బయటికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఉన్నాయి. వెనక గ్యాసు చప్పుడు అప్పటికే తగ్గిపోయింది.

గురువమ్మ గాలి వచ్చే వైపు నడిచి, మాస్కు తీసి, అరుగుమీద పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకరిద్దరికి దగ్గు వచ్చింది, అంతే. సుక్రా చేతులెత్తి "దీదీ! దీదీ!" అని అరిచాడు. గేటు బయట జాలర్లు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

ఆమె ఆ అరుగుమీదే కూచుంది. సత్యారావు దగ్గరికి వచ్చి "ఏటీ అవనేదు కదా? కళ్ళు మండతన్నాయా?" అని వంగి చూశాడు.

గురువమ్మ అన్న ముఖంలోకి చూసింది.

"ఇంతేనా అన్నియ్యా?" అంది.

"ఏటి?"

"ఇంత సుళువా? ఎల్లినాను, కట్టీసినాను, వొచ్చీసినాను. నాకు ఆయాసం కూడా రానేదు." ఆమె అరుగుమీది మాస్కు వైపు చూసింది. "ఇంత సిన్న పనికా ఆడు పోనాడు? ఇంత సిన్న పనికా?"

మొగుడు పోయినప్పుడు ఏడవని గురువమ్మ అప్పుడు ఏడ్చింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముఖం దాచుకోకుండా, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. గేటు బయట మాటలు ఆగిపోయాయి. సత్యారావు ఆమె భుజంమీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, పక్కన నిలబడిపోయాడు.  

నెహెమ్యా ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చాడు. సేఠ్‌కి టెలిగ్రాం ఇస్తానని, ఆమె పేరు ప్రత్యేకంగా రాస్తానని చెప్పబోయి, ఆమెని చూసి ఆగిపోయాడు. సత్యారావు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

నెహెమ్యా చేతిలోని టెలిగ్రాం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఐసు నీళ్ళతో తడిసిన ఆ నేలమీదే, వాళ్ళిద్దరికీ కొంచెం దూరంగా కూచున్నాడు. ఐసు కోసం ఆ రోజు ఎవరూ పిలవలేదు.